ద్రాక్ష కోసేది చెయ్యా, మిషనా? కర్మ ఎవరి ఖాతాలో పడుతుంది?



కర్మయోగం గురించి మన ఛానల్‌లో ఇప్పటికి చాలాసార్లు మాట్లాడుకున్నాం. పని శ్రద్ధగా చేయాలి, ఫలం మీద ఆశ పెట్టుకోకూడదు, చేసే పనే పూజ అనుకోవాలి అని చెప్పుకున్నాం. బాగానే ఉంది. కానీ అసలు పనే మనిషి చేతిలోంచి వెళ్లిపోతే? మిషన్ చేసేస్తే? అప్పుడు శ్రద్ధ ఎవరిది? ఫలం ఎవరిది? ఎవరికైనా కష్టం కలిగితే ఆ పాపం ఎవరిది? ఈ ప్రశ్నను గాల్లో వదిలేయకుండా ఒక నిజమైన పని పక్కన పెట్టి చూద్దామని ఈ పోస్ట్ రాస్తున్నాను. నేను తీసుకున్న పని, వైన్ తయారీకి ద్రాక్ష కోయడం.

"భక్తి ఛానల్‌లో వైన్ గోల ఏంటి బాబూ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ విషయం కాదు. నేను కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బే ఏరియా తెలుగువాళ్లందరికీ లివర్‌మోర్ శివ విష్ణు ఆలయం తెలుసు కదా, ఆ లివర్‌మోర్ పాతకాలం నుంచీ ద్రాక్షతోటల ఊరే. వెంటీ, కాంకానన్ అనే రెండు వైనరీలు అక్కడ 1883లో మొదలయ్యాయి. గుడికి వెళ్లి, అటునుంచి ఊరి దక్షిణం వైపు కారు తిప్పితే రోడ్డుకి రెండువైపులా తోటలే. ఈ పనిలో ఇంకో సౌకర్యం ఉంది. ఒకే పంటని చేత్తో కోసేవాళ్లూ, మిషన్‌తో కోసేవాళ్లూ యాభై ఏళ్లకు పైగా పక్కపక్కనే ఉన్నారు. కాబట్టి రెండింటినీ పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చేత్తో ఎలా కోస్తారు

ముందు పని ఎలా ఉంటుందో చూద్దాం. వైన్ ద్రాక్ష మన పందిరి ద్రాక్షలా తలమీద ఉండదు. సాలు వెంట స్తంభాలు పాతి, వైర్లు కట్టి, వాటిమీద తీగ పాకిస్తారు. గుత్తులు చాలా తోటల్లో మోకాలికీ నడుముకీ మధ్య ఎత్తులో వేలాడతాయి. అంటే కోసేవాళ్లు నిటారుగా నిలబడితే పని జరగదు, వంగాలి. చేతిలో చిన్న వంకర కత్తి. ఎడమచేత్తో ఆకు పక్కకి తోసి, గుత్తి పట్టుకుని, కాడ దగ్గర ఒక్క కోత. గుత్తి కింద పెట్టిన తొట్టిలో పడుతుంది. తొట్టి నిండగానే దాన్ని ఎత్తుకుని ట్రాక్టర్ దగ్గరికి పరుగు. నడిచి వెళ్లరు, నిజంగా పరుగే. ఎందుకంటే చాలాచోట్ల కూలి గంటకి కాదు, బరువుని బట్టి ఇస్తారు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకి ఒకటి నుంచి రెండు టన్నుల దాకా కోస్తాడు. వెయ్యి, రెండు వేల కిలోలు, అన్నీ వంగి కోసినవే.

అయితే ఆ చేతిలో ఒక తెలివి ఉంది. గుత్తి పట్టుకున్న అర సెకనులో వేళ్లకి తెలిసిపోతుంది, ఇది పండిందా, బూజు పట్టిందా, ఎండిపోయిందా అని. బాగాలేని గుత్తిని అక్కడే వదిలేస్తారు. దీన్నే మనం వివేకం అంటాం. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి అన్న ఎరుక.

ఈ వివేకం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఫ్రాన్స్‌లోని సోటెర్న్ అనే ప్రాంతం గురించి చెప్పాలి. అక్కడి తీపి వైన్‌కి బోట్రైటిస్ అనే బూజు పట్టిన పండే కావాలి. మిగతా ఊళ్లలో పారేసేది అక్కడ బంగారం. పైగా అది తోట అంతా ఒకేసారి పట్టదు. అందుకే అదే తోటలోకి వారాల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి, ఆరోజు సరిగ్గా తయారైన పండ్లు మాత్రమే ఏరుకొస్తారు. షాటో డీకెమ్ అనే పేరున్న తోటలో ఒక తీగ మొత్తానికి ఒక గ్లాసు వైన్ వస్తుందని చెబుతారు. 2012లో పండు తాము అనుకున్నట్టు రాలేదని ఆ ఏడాది ఆ పేరుతో వైనే చేయలేదు. ఈ పని ఏ మిషన్ వల్లా అయ్యేది కాదు.

మిషన్ ఎలా కోస్తుంది

ఇప్పుడు మిషన్ సంగతి. నేనుండే ట్రేసీ నుంచి లోడై గంటలోపు ప్రయాణం. లోడై చుట్టూ ఎటు చూసినా వైన్ ద్రాక్షే. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండే ఒక పెద్దాయన అక్కడ కోత మిషన్ నడుపుతారు. మెక్సికోలోని మిచోకాన్ నుంచి కుర్రాడిగా ఉన్నప్పుడే వచ్చారట. ఇరవై సీజన్లు చేత్తో కోసి, తర్వాత మిషన్ ఎక్కారు. నేను ఆసక్తిగా అడుగుతున్నానని ఒక సెప్టెంబర్ రాత్రి నన్ను చూడటానికి రమ్మన్నారు.

రాత్రి ఎందుకంటే పండు చల్లగా ఉంటుంది, రసం చెడిపోదు. మిషన్ రెండతస్తుల ఇల్లంత ఎత్తుగా, నాలుగు చక్రాల మీద, మధ్యలో ఖాళీతో ఉంటుంది. తీగల సాలు ఆ ఖాళీలోంచి వెళ్తుంది. అంటే మిషన్ సాలుని కాళ్ల మధ్య పెట్టుకుని నడుస్తుందన్నమాట. లోపల రెండు పక్కలా వంగిన ప్లాస్టిక్ లాంటి కడ్డీలు తీగని వేగంగా అటూ ఇటూ ఊపుతాయి. మనం చింతచెట్టు కొమ్మ దులిపినట్టే. పండ్లు రాలి కింద రేకుల మీద పడతాయి, అక్కడి నుంచి బెల్టు మీద పైకి వెళ్తాయి, ఫ్యాన్లు ఆకుల్ని ఊది పారేస్తాయి. పక్క సాలులో నడిచే ట్రాక్టర్ తొట్టిలోకి పండు ధారగా పడుతుంది. మిషన్ దాటాక తీగని చూస్తే గమ్మత్తుగా ఉంటుంది. గుత్తి కాడలు అలాగే తీగకి వేలాడుతుంటాయి, పండ్లు మాత్రం ఉండవు.

ముప్పై నలభై మంది ముఠా రోజంతా చేసే పనిని ఒక డ్రైవరు, ఇద్దరు సహాయకులు ఒక రాత్రిలో చేసేస్తారు. దిగాక ఆ పెద్దాయన మోకాలు తడుముకుంటూ చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది. చేత్తో కోసే రోజుల్లో మంచి వారం వస్తే ఇప్పటికంటే ఎక్కువే సంపాదించేవారట. అయినా తన కొడుకుని మాత్రం ఆ సాలులోకి పంపనన్నారు. "అప్పటి మీ ముఠాలో వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగాను. కొందరు చెర్రీ కోతలకి, కొందరు ఇళ్ల కట్టడం పనికి వెళ్లారు, కొందరి సంగతి తెలియదన్నారు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన నావైపు చూడలేదు.

రుచి వాదన ఎందుకు సరిపోదు

ఈ గొడవ ఎత్తగానే వైన్ వాళ్లు ముందుగా రుచి గురించి మాట్లాడతారు. చేత్తో కోసింది ఉత్తమం, మిషన్‌ది నాసిరకం అని. ఇది కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో మిషన్ వాడటం నియమాల ప్రకారం కుదరదు. కారణం స్పష్టంగానే ఉంది. అక్కడ ఎక్కువ భాగం నల్ల ద్రాక్షే, కానీ రసం తెల్లగా రావాలి. పండు ముందే చితికితే తొక్క రంగు రసంలోకి దిగుతుంది. అందుకని గుత్తి గుత్తిగా, చెక్కుచెదరకుండా ప్రెస్ దాకా చేరాలి. క్రేట్లకి అడుగున రంధ్రాలు కూడా ఉంటాయి, ఏదైనా పండు చితికితే ఆ రసం కిందికి పోవాలని. 4000 కిలోల ద్రాక్ష నుంచి 2550 లీటర్లకి మించి రసం తీయకూడదని లెక్క కూడా ఉంది. అంత పద్ధతి.

ఇప్పుడు న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరోకి వెళ్దాం. అక్కడ సోవిన్యాన్ బ్లాంక్ అనే రకం దాదాపు అంతా మిషన్‌తోనే కోస్తారు. అక్కడి పరిశోధకులు పోల్చి చూస్తే, ఆ వైన్‌కి పేరు తెచ్చిన ఘాటైన పండ్ల వాసనలు మిషన్‌తో కోసిన దాంట్లోనే ఎక్కువగా వచ్చాయి. మిషన్ ఊపినప్పుడు పండు కొంచెం నలుగుతుంది, ఆ నలగడమే వాసనకి మూలమయ్యే పదార్థాల్ని పెంచుతుంది. షాంపేన్‌లో దోషమైనది అక్కడ గుణమైంది!

కాబట్టి రుచిని బట్టి ధర్మం తేలదు. ఎక్కడ ఏం కావాలన్నది ఆ వస్తువుని బట్టి ఉంటుంది. అదీగాక రుచి వాదనలో మనం మాట్లాడుకునేదంతా పండు గురించే. కోసే మనిషి ఆ చర్చలో ఎక్కడా కనపడడు. మన ప్రశ్న ఆ మనిషి గురించి.

చేతి పని అంటే చాలు, పుణ్యమేనా?

మనకి చేతి పని మీద ఒక భక్తి ఉంటుంది. చేనేత, చేత్తో విసిరిన పిండి, చేత్తో చేసిన విగ్రహం. అందులో తప్పేం లేదు. కానీ ఆ భక్తి ఒక్కోసారి కళ్లకి గంతలు కడుతుంది.

మళ్లీ షాంపేన్‌కే వద్దాం. పండు నలగకుండా అంత జాగ్రత్త తీసుకునే చోట, 2023 సెప్టెంబర్ కోతల్లో ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో కొందరు కోత కార్మికులు చనిపోయారు. అదే సీజన్‌లో నెల్ ల రెపాన్ అనే ఊళ్లో యాభై మందికి పైగా పశ్చిమ ఆఫ్రికా కార్మికుల్ని మనుషులు ఉండలేని వసతిలో కుక్కి పనిచేయించుకున్నట్టు బయటపడింది. 2025 జులైలో అక్కడి కోర్టు ఆ కేసులో ముగ్గురిని మానవ అక్రమ రవాణా నేరం కింద దోషులుగా తేల్చింది. ఒక్కసారి ఆలోచించండి. ద్రాక్ష పెట్టే క్రేటుకి ఎన్ని రంధ్రాలు ఉండాలో చూసుకున్న వ్యవస్థ, ద్రాక్ష కోసేవాళ్లు పడుకునే గదికి కిటికీ ఉందో లేదో చూసుకోలేదు. సీసా మీద మాత్రం "చేత్తో కోసినది" అన్న గౌరవం అలాగే ఉంటుంది.

కాలిఫోర్నియా ఏమీ తక్కువ తినలేదు. 2008 మే నెలలో స్టాక్‌టన్ దగ్గరి ద్రాక్షతోటలో 17 ఏళ్ల అమ్మాయి ఎండదెబ్బకి కుప్పకూలి రెండు రోజుల తర్వాత చనిపోయింది. అప్పటికే మూడేళ్ల ముందు నుంచి, ఎండలో పనిచేసేవాళ్లకి నీళ్లు, నీడ ఇవ్వాలన్న నియమం ఆ రాష్ట్రంలో ఉంది. కాగితం మీద ఉంది.

ఇంకో ఉదాహరణ ద్రాక్షది కాదు గానీ ఇక్కడ బాగా సరిపోతుంది. ఇదే రాష్ట్రంలో ఆకుకూర తోటల్లో చాలా ఏళ్లు కలుపు తీయడానికి పొట్టి పిడి పార ఇచ్చేవాళ్లు. పిడి పొట్టిగా ఉంటే మనిషి మొక్కకి దగ్గరగా వంగుతాడు, పని జాగ్రత్తగా చేస్తాడు అన్నది యజమానుల వాదన. రోజంతా వంగి వంగి కార్మికుల నడుములు విరిగిపోయాయి. చివరికి 1975లో దాన్ని నిషేధించారు. దాని బదులు వచ్చిందేంటో తెలుసా? పొడుగు పిడి పార. అంతే. పొట్టి పార మిషనేం కాదు, చేతి పనిముట్టే. అయినా అందులో హింస ఉంది. దాన్ని తీసేయడానికి కావలసింది కొత్త టెక్నాలజీ కూడా కాదు, ఒక మూరెడు కర్ర.

మరి మిషన్‌కి దోషం లేదా?

ఇక్కడిదాకా చదివి "అయితే మిషనే మేలు" అనుకోకండి. ఆ వైపు కూడా చూద్దాం.

ద్రాక్ష కోసే మిషన్ల మీద 1950ల నుంచే డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనూ, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్‌లోనూ ప్రయత్నాలు జరిగాయి. 1960ల చివరికి అవి అమ్మకానికి వచ్చేశాయి. అదే దశాబ్దంలో, 1965 సెప్టెంబర్ 8న, డెలానోలో లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినో ద్రాక్ష కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. వారం తర్వాత సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తాల సంఘంలోని మెక్సికన్ కార్మికులు వాళ్లతో కలిశారు. అయిదేళ్లు పోరాడి 1970లో ఒప్పందాలు సాధించుకున్నారు. ఒకవైపు కార్మికుడు "నన్ను మనిషిలా చూడు" అని అడుగుతున్నాడు. మరోవైపు ఆ మనిషే అవసరం లేకుండా పోయే మిషన్ తయారవుతోంది.

1979లో ఈ విషయం కోర్టుకే వెళ్లింది. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం కూలీల పొట్టకొట్టే మిషన్ల మీద పరిశోధన ఎలా చేస్తుందని కార్మికుల తరఫున కేసు వేశారు. అందులో ముఖ్యంగా టమాటా కోత మిషన్ మాట వచ్చింది. పదేళ్లు నడిచాక 1989లో పై కోర్టు విశ్వవిద్యాలయం వైపే తీర్పు ఇచ్చింది. తీర్పు సంగతి అటుంచితే, ఆ ప్రశ్న మాత్రం నాలాంటి ఇంజనీర్లకి ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016లో కాలిఫోర్నియా మంచి చట్టమే చేసింది. పొలం పనివాళ్లకి కూడా రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని. అది 2019 నుంచి దశలవారీగా అమలైంది. న్యాయం జరిగింది, నిజమే. కానీ మనిషి ఖరీదు పెరిగిన ప్రతిసారీ మిషన్ చవకగా కనపడుతుంది. మంచి పని చేసినా దాని నీడ ఎక్కడో పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

నష్టం మనుషులకే కాదు. మిషన్ రావాలంటే తోటే మారాలి. సాళ్ల మధ్య దూరం, వైర్ల ఎత్తు, స్తంభాల వరస, అన్నీ మిషన్ కొలతలకి తగ్గట్టు ఉండాలి. లోడైలో వందేళ్లు దాటిన జిన్‌ఫాండెల్ తీగలున్నాయి. వైర్లు లేకుండా పొట్టి చెట్లలా గుబురుగా పెరిగినవి. వాటిలోకి మిషన్ వెళ్లలేదు. చేత్తో కోయిస్తే గిట్టుబాటు కాదని అలాంటి తోటల్ని పీకేసేవాళ్లున్నారు. స్పెయిన్‌లోని అందలూసియాలో ఆలివ్ తోటల్లో ఇలాంటి మిషన్లనే రాత్రిపూట నడిపితే, కొమ్మల్లో నిద్రపోతున్న పిట్టలు పండ్లతో పాటు లోపలికి వెళ్లి చచ్చిపోయాయి. 2019లో అక్కడ ఆ రాత్రి కోతలు ఆపించారు. చేత్తో కోసేవాడికి పిట్ట కనపడుతుంది. మిషన్‌కి కొమ్మ మీద ఉన్నదంతా ఒకటే.

ఈ మాట రాస్తుంటే మా తణుకు వైపు వరి కోతలు గుర్తొచ్చాయి. కోత మిషన్ వచ్చాక మా నాయనమ్మ ఒక్కటే అనేది, "పరిగె పోయిందిరా" అని. కోత అయ్యాక చేలో రాలిపోయిన వెన్నుల్ని భూమి లేనివాళ్లు ఏరుకునేవాళ్లు, అదే పరిగె. అది వాళ్లకి దానం కాదు, ఎవరూ రాయని హక్కు. ద్రాక్షతోటలకీ అలాంటి ఆచారం ఉండేది. ఫ్రెంచ్‌లో దానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. రాలిన ద్రాక్ష పేదలకి వదిలేయాలన్న ఆజ్ఞ బైబిల్ పాత నిబంధనలోనూ ఉంది. ఏ మతమైనా, ఏ దేశమైనా, పంటలో కొంత మనది కాదని ఒప్పుకోవడం ధర్మంగానే పెట్టుకున్నారు. మిషన్ ప్రోగ్రామ్‌లో పరిగె అన్న అంకె ఉండదు. నష్టం అన్న అంకె ఉంటుంది, దాన్ని సున్నా చేయడమే లక్ష్యం.

గీత చెప్పిన ఐదు

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతారు. అధిష్ఠానం, అంటే పని జరిగే చోటు, ఆధారం. కర్త, అంటే చేసేవాడు. కరణం, అంటే సాధనం. రకరకాల చేష్టలు. అయిదోది దైవం. చిన్నప్పుడు ఇది విని దైవం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలోకి వచ్చాక నన్ను ఆపింది వేరే చోటు. కర్త వేరు, కరణం వేరు అని అంత స్పష్టంగా విడదీసి చెప్పడం.

దీన్ని మన విషయానికి పెట్టి చూడండి. కత్తి కరణం. మిషన్ కూడా కరణమే. కత్తి పోయి మిషన్ వచ్చినప్పుడు మారింది కరణం. కర్త ఎక్కడికీ పోలేదు. కాకపోతే సాలులోంచి లేచి ఆఫీసులో కూర్చున్నాడు.

వివేకం కూడా అలాగే చోటు మారింది. మిషన్ అంతా కలిపి రాలుస్తుంది కదా, మరి మంచిదీ చెడ్డదీ ఏరేదెవరు? 2000ల చివర్లో వైనరీల్లోకి కెమెరాతో ఏరే యంత్రాలు వచ్చాయి. బెల్టు మీద పరుగెత్తే ప్రతి పండునీ కెమెరా ఫొటో తీస్తుంది, సాఫ్ట్‌వేర్ రంగూ ఆకారం చూస్తుంది, బాగాలేనిదాన్ని సన్నటి గాలి దెబ్బతో పక్కకి ఎగరగొడుతుంది. చూడటానికి మాయలా ఉంటుంది. కానీ ఎంత ఎర్రగా ఉంటే మంచిది, ఎంత ముడతపడితే చెడ్డది అన్న గీత ఆ యంత్రం గీసుకోలేదు. ఎవరో ఒక మనిషి గీశాడు. దాన్ని మేం థ్రెషోల్డ్ అంటాం. ఒక అంకె మారిస్తే లక్ష పండ్ల గతి మారిపోతుంది.

చేత్తో కోసేవాడు రోజుకి కొన్ని వేలసార్లు వివేకం వాడతాడు, ప్రతిసారీ ఒక్క గుత్తి మీద. థ్రెషోల్డ్ పెట్టేవాడు ఒక్కసారే వాడతాడు, సీజన్ మొత్తం మీద. ఎవరి బాధ్యత ఎక్కువ? నాకైతే రెండోవాడిదే అనిపిస్తుంది. మిషన్ వచ్చినంత మాత్రాన కర్మ పలచబడదు. కొద్దిమంది చేతుల్లోకి వచ్చి చిక్కబడుతుంది. కానీ జరిగేదేంటంటే, ఆ కొద్దిమందీ "మిషన్ చేసింది, మార్కెట్ అడిగింది, మేం టూల్ మాత్రమే ఇచ్చాం" అంటారు. కర్తలే కరణాల వెనక దాక్కుంటారు.

నా బల్ల మీదికి వచ్చిన ప్రశ్న

ఇది నాకు పుస్తకంలో ప్రశ్న కాదు. నేను చేసే ఉద్యోగం కూడా కెమెరా బొమ్మల్ని చూసి సరుకుని ఏరే సాఫ్ట్‌వేరే. ఈ ఏడాది మా టీమ్ చేసిన ఒక ప్రాజెక్ట్ పండ్ల ప్యాకింగ్ షెడ్‌కి వెళ్తోంది. ప్రాజెక్ట్ వివరాలు చెప్పే మీటింగ్‌లో ఒక స్లయిడ్ మీద లాభాల పట్టిక ఉంది. వృథా ఇంత తగ్గుతుంది, వేగం ఇంత పెరుగుతుంది, చివరి వరసలో "మనుషుల అవసరం: 34 తగ్గింపు" అని. ముప్పై నాలుగు. భిన్నం కాదు, శాతం కాదు, మనుషులు.

"వీళ్లు ఏమవుతారు?" అని అడిగాను. అది కస్టమర్ చూసుకునే విషయం అన్నారు. ఎవరూ కోపంగా అనలేదు, అందరూ మంచివాళ్లే. నిజంగా అది మా కాంట్రాక్టులో లేదు. కానీ ఆ రాత్రి మిషన్ దిగి నావైపు చూడకుండా మాట్లాడిన పెద్దాయన ముఖం నా కళ్లముందే ఉంది.

ఉద్యోగం మానేసి కొడవలి పట్టమని గీత నాకు చెప్పదు. నేను మానేస్తే ఇంకొకరు ఆ కోడ్ రాస్తారు. పైగా ఆ షెడ్‌లో పది గంటలు నిలబడి కుళ్లిన పండు ఏరే పని ఎవరి పిల్లలకైనా రావాలని నేను కోరుకోను. అలాగని "నా పని కోడ్ రాయడం, ఫలం కృష్ణార్పణం" అని చేతులు దులుపుకోవడం కూడా కర్మయోగం కాదని నా నమ్మకం. ఫలం మీద ఆశ వదలమన్నారు. ఫలితం ఎవరి మీద పడుతుందో చూడొద్దని ఎక్కడా అనలేదు. లోకసంగ్రహం అన్న మాట గీత మూడో అధ్యాయంలో ఉంది, లోకం నిలిచేలా పని చేయడం అని. చూడకుండా లోకాన్ని ఎలా నిలబెడతాం?

అందుకని నాకోసం మూడు ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. చెయ్యికీ మిషన్‌కీ రెండింటికీ ఇవే ప్రశ్నలు.

మొదటిది, ఈ పనిలో నలిగేది ఎవరు? పండు కోసం పెట్టుకున్న జాగ్రత్తలో సగమైనా మనిషి కోసం ఉందా? షాంపేన్ 2023లో ఓడిపోయింది ఇక్కడే.

రెండోది, తీసుకోవాలో వదలాలో తేల్చేది ఎవరు? ఆ మనిషి పేరు తెలుసా? ఆ గీత పొరపాటైతే వెనక్కి వచ్చి సరిదిద్దే బాధ్యత ఎవరిది? పిట్టలు చచ్చిపోయింది మిషన్‌కి కనపడక కాదు. కొమ్మ మీద పిట్ట ఉండొచ్చని ముందు ఏ మనిషీ అనుకోకపోవడం వల్ల.

మూడోది, మిగిలింది ఎవరికి పంచారు? యజ్ఞశేషం అని మనవాళ్లు పెట్టుకున్నారు. నలుగురికీ పెట్టగా మిగిలిందే మన భాగం అని. మిషన్ వల్ల ఖర్చు తగ్గి లాభం మిగిలింది కదా. అందులో ఆ పని ఇన్నేళ్లు చేసినవాళ్లకి పరిగె అయినా ఉందా? వాళ్లకి మిషన్ నడపడం నేర్పించడమో, ఇంకో పని చూపించడమో, కనీసం రెండు మూడు సీజన్ల ముందే చెప్పడమో?

మూడో ప్రశ్నని నేను మెయిల్‌లో రాసి మా మేనేజర్‌కి పంపాను. షెడ్ వాళ్లకి ఇచ్చే ప్రణాళికలో, యంత్రం దగ్గర పనిచేయడానికి ఇప్పుడున్న వాళ్లలో ఎంతమందికి శిక్షణ ఇవ్వొచ్చో ఒక పేజీ చేర్చమని అడిగాను. కస్టమర్‌తో మాట్లాడి చూస్తామన్నారు. ఆ పేజీ చేరుతుందో లేదో ఇంకా తెలియదు. చేరినా ముప్పై నాలుగు మందికీ సరిపోదని నాకు తెలుసు. పెట్టే యంత్రం దగ్గర కావలసింది ఏడెనిమిది మందే. మిగతావాళ్ల గురించి నా దగ్గర సమాధానం లేదు. సమాధానం లేని చోట కనీసం ప్రశ్నని బతికించి ఉంచాలి కదా అని ఇదంతా రాశాను.

మీలో చాలామంది ఏదో ఒక కరణం పట్టుకునే బతుకుతున్నారు. కొందరిది కీబోర్డు, కొందరిది కుట్టుమిషను, కొందరిది ట్రాక్టరు, కొందరిది సంతకం పెట్టే పెన్ను. ఈ వారం పూజ అయ్యాక ఒక పది నిమిషాలు కూర్చుని మీ పనికి ఈ మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఇంట్లో పిల్లలతో కలిసి వేసుకుంటే ఇంకా మంచిది, వాళ్ల కాలానికి మిషన్లు ఇంకా పెరుగుతాయి. వచ్చే వారం వీడియోలో లోకసంగ్రహం గురించే వివరంగా మాట్లాడుకుందాం.

స్వస్తి.